వంటింటి ప్రశ్నలు – జవాబులు: టీపాట్లు, కెటిళ్లు, ఫ్లాస్కులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో టీ గిన్నెల గురించినవే ఎక్కువ. చాలామందిది ఒకటే చిక్కు: పట్టింది ఏమిటో చూడకుండా చేతికి అందింది వేసి తోముతున్నారు. టీ పాత్రకు పట్టేవి ముఖ్యంగా రెండు. గోధుమరంగు మరక టీ ఆకులోంచి వస్తుంది, అది సోడాకు లొంగుతుంది. గరుకుగా ఉండే తెల్ల పొర నీళ్లలోంచి వస్తుంది, అది పులుపుకు లొంగుతుంది. ఇక పాత్ర ఏ లోహమన్నది చూసుకోవాలి. అల్యూమినియానికి, కళాయి పూసిన ఇత్తడికి ఈ లెక్క కొంచెం మారుతుంది.

తెల్ల పింగాణీ టీపాట్ లోపలంతా గోధుమరంగు పట్టేసింది. వీడియోలో చూసి వంటసోడా, వెనిగర్ కలిపి పోశాను. బాగా పొంగింది గానీ మరక కదల్లేదు. సోడా తక్కువైందంటారా? ముక్కు లోపల ఎలా కడగాలి? మా అత్తగారేమో బూడిదతో తోమమంటున్నారు.
— ఒక పాఠకురాలు, కరీంనగర్

సోడా తక్కువ కాలేదండీ, వెనిగర్ వేయడమే ఎక్కువైంది. సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ఆ పొంగంతా కార్బన్ డయాక్సైడ్ బుడగలే, చివరికి పాత్రలో మిగిలేది దాదాపు ఉప్పునీళ్లు. ఆ వీడియోల్లో గిన్నె మెరిసిందంటే, తర్వాత పీచు పెట్టి తోమడం వల్లే మెరిసి ఉంటుంది.

టీలోని వగరు పదార్థాలు గాలి తగిలి నల్లబడి, నీళ్లలోని కాల్షియంతో కలిసి పల్చటి పొరగా గోడకు అంటుకుంటాయి. బోరు నీళ్ల ఇళ్లలో మరక తొందరగా పట్టడానికి కారణం ఇదే. టీ చల్లారాక పైన మెరుస్తూ తేలే తెట్టు కూడా ఈ పొరే. నిమ్మరసం పిండిన టీలో ఆ తెట్టు కట్టదు, గమనించే ఉంటారు.

ఇలా చేయండి. టీపాట్‌ను ముందు గోరువెచ్చని నీళ్లతో తొలిచి వేడెక్కించండి. చల్లటి పింగాణీలో సలసల కాగే నీళ్లు పోస్తే మెరుపు పూత మీద సన్నటి వెంట్రుక చారలు పడతాయి. లీటరు వేడినీళ్లకు రెండు పెద్ద చెంచాల వంటసోడా కలిపి అంచు దాకా నింపండి. ముక్కులోకి కూడా నీళ్లు ఎక్కాలి. మూత పెట్టకుండా మూడు నాలుగు గంటలు వదిలేయండి. పాత మరకైతే రాత్రంతా ఉంచండి. పొద్దున నీళ్లు టీ డికాక్షన్‌లా దిగి కనిపిస్తాయి. పారబోసి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. ఇంకా మొండిగా ఉన్న చోట మూడు వంతుల సోడాకు ఒక వంతు నీళ్లు కలిపి ముద్దగా చేసి, తడిగుడ్డతో గుండ్రంగా రుద్దండి. సోడా పలుకు మెత్తనిది కాబట్టి పింగాణీని గీరదు.

ముక్కు విషయానికొస్తే, సగం పని నానడంలోనే అయిపోతుంది. మిగిలినదానికి సన్నని పాల సీసా బ్రష్ చాలు. అది దొరక్కపోతే అంగుళం వెడల్పు నూలు గుడ్డపేలికను మెలిపెట్టి, ఒక చివర నుంచి దూర్చి రెండో చివర పట్టుకుని అటూ ఇటూ లాగండి. గుప్పెడు బియ్యం, కాసిని నీళ్లు పోసి గిలకరించే పద్ధతి కూడా మంచిదే. కానీ ముక్కు మొదట్లో జల్లెడలా చిల్లులుండే టీపాట్లలో బియ్యం వేయకండి. గింజ చిల్లులో ఇరుక్కుని నానితే దాన్ని తీయడానికి సూది పట్టుకు కూర్చోవాలి.

మీ అత్తగారి మాట పూర్తిగా తీసేయదగ్గది కాదు. కట్టెల బూడిద కూడా క్షారమే, మరకను వదిలిస్తుంది. అయితే అందులో ఇసుక రేణువులుంటాయి. అవి పూత మీద గీతలు పెడితే, ఆ గీతల్లోకి మరక ఇంకా గట్టిగా దిగుతుంది. పలచని గుడ్డలో జల్లించిన బూడిదను స్టీలుకు వాడండి, పింగాణీకి వద్దు.

మాది బోరు నీళ్ల ఊరు. స్టీలు ఎలక్ట్రిక్ కెటిల్‌లో అడుగున తెల్లగా గట్టు కట్టింది. నిమ్మ ఉప్పు వేసి నాలుగైదుసార్లు మరిగించాను. గట్టు పోయింది గానీ మెత్తటి తెల్లపొడి పేరుకుంది, ఎన్నిసార్లు చేసినా అదే. నిమ్మకాయలు పిండితే నయమా?
— ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

ఆ పొడి పాత గట్టు కాదు. నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, గట్టుతో కలిసినప్పుడు పుట్టే కాల్షియం సిట్రేట్. దీనికో విచిత్ర గుణముంది: నీళ్లు ఎంత వేడెక్కితే అంత తక్కువగా కరుగుతుంది. మీరు మళ్లీ మళ్లీ మరిగించిన కొద్దీ అది విడిపోయి అడుగుకు దిగింది. కాబట్టి నిమ్మ ఉప్పు వేశాక మరిగించకూడదు.

అర లీటరు నీళ్లు కెటిల్‌లో ఒక్కసారి కాచి స్విచ్ ఆపండి. రెండు నిమిషాలు ఆగి ఒక పెద్ద చెంచా, అంటే సుమారు పదమూడు గ్రాముల నిమ్మ ఉప్పు మెల్లగా వేయండి. ఒక్కసారిగా గుమ్మరిస్తే పొంగి చేతి మీద పడుతుంది. అరగంట అలాగే ఉంచి, చల్లారకముందే పారబోసి, గోరువెచ్చని నీళ్లతో రెండుసార్లు తొలవండి. తర్వాత ఒకసారి మంచినీళ్లు కాచి పారబోస్తే పులుపు మిగలదు.

పదమూడు గ్రాముల నిమ్మ ఉప్పు మహా అయితే పది గ్రాముల గట్టును కరిగిస్తుంది. మీ కెటిల్‌లో అంతకన్నా మందంగా ఉంటే ఒక్క విడతలో పోదు. అలాంటప్పుడు వెనిగర్ మేలు, ఎందుకంటే అందులోంచి పుట్టే కాల్షియం అసిటేట్ నీళ్లలో హాయిగా కరిగిపోతుంది, పొడి దిగదు. పావు లీటరు నీళ్లు కాచి స్విచ్ ఆపి, పావు లీటరు తెల్ల వెనిగర్ పోసి గంట ఉంచండి. వెనిగర్‌ను కెటిల్‌లో మరిగిస్తే మాత్రం ఆ ఘాటుకు ఇంట్లో ఎవరూ ఉండలేరు. కిటికీ తెరిచి ఉంచండి.

ఇక నిమ్మకాయల సంగతి. మనకు దొరికే ఓ మోస్తరు కాయ పిండితే ఇరవై మిల్లీలీటర్ల రసం వస్తుంది. అందులో ఉండే పులుపు ఒక గ్రాము చుట్టుపక్కల. ఒక చెంచా నిమ్మ ఉప్పు చేసే పని చేయాలంటే డజను కాయలు పిండాలి. అవి పచ్చడి పెట్టుకోండి. పల్చటి పొరకైతే రసం పిండేసిన తొక్కలు నాలుగైదు వేసి కాచినా సరిపోతుంది.

ఈ గట్టు ఎందుకు కడుతుందంటే, బోరు నీళ్లలో కరిగి ఉండే కాల్షియం బైకార్బనేట్ కాగినప్పుడు విడిపోయి, సుద్దగా అడుగుకు దిగుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు కాఠిన్యం ఆమోదయోగ్యం. వేరే నీళ్లు దొరకని చోట 600 వరకు సర్దుకోవచ్చు. మీ నీళ్లు 300 ఉన్నాయనుకుందాం. రోజుకు రెండు లీటర్లు కాస్తే, అందులో సగం దిగినా నెలకు తొమ్మిది గ్రాములు. అందుకే నెలకోసారి ఒక చెంచా నిమ్మ ఉప్పు అన్నది సరైన లెక్క. మూడు నెలలు వదిలేస్తే గట్టు వేడిని నీళ్లకు అందనివ్వదు. అడుగు పళ్లెం మాత్రం వేడెక్కిపోయి, నీళ్లు కాగకముందే కెటిల్ ఆగిపోతుంటుంది. కెటిల్ పాడైందని రిపేరుకు ఇచ్చేవాళ్లలో కొందరికి కావలసింది ఈ ఒక్క చెంచానే.

కత్తితో, చెంచాతో గట్టును గీకకండి. కెటిల్ అడుగును, కనెక్షన్ ఉండే పీటను నీళ్లలో ముంచకండి. మిగిలిన నీళ్లు రాత్రంతా అందులో ఉంచొద్దు. మరొక్క మాట, మీది నల్గొండ జిల్లా కనుక చెప్పాలి: అడుగున తెల్లగా దిగింది కాబట్టి నీళ్లలోని ఫ్లోరైడ్ కూడా పోయిందనుకోకండి. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన మేరకు ఇంకాస్త చిక్కబడుతుంది.

అల్యూమినియం టీ గిన్నెలో వంటసోడా వేసి మరిగించాను. మరక పోవడం అటుంచి గిన్నె లోపలంతా నల్లబడింది. ఇందులో టీ పెట్టుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, తెనాలి

పెట్టుకోవచ్చు, ఆ నలుపు వల్ల ప్రమాదం లేదు. అల్యూమినియం మీద సహజంగా ఉండే కాపుపొరను సోడా తినేస్తుంది, తర్వాత నల్లటి పొర ఏర్పడుతుంది. బోరు నీళ్లు రోజూ కాచే గిన్నె కూడా ఇలాగే నల్లబడుతుంది. ఈ లోహానికి సోడా, బూడిద, బట్టల సోడా ఏవీ పనికిరావు. పులుపే కావాలి. నల్లబడిన మేర మునిగేలా నీళ్లు పోసి, లీటరుకు నిమ్మకాయంత చింతపండు వేసి పది నిమిషాలు మరిగించండి. చల్లారాక కొబ్బరి పీచుతో తోమితే తెల్లబడుతుంది. పిండేసిన చింతపండు పిప్పి పారేయకుండా దాచుకుంటే దీనికి చక్కగా పనికొస్తుంది. అయితే పులుపు నీళ్లు అందులోనే రాత్రంతా వదిలేస్తే లోహం గుంటలు పడుతుంది. హిండాలియం గిన్నెలకూ ఇదే పద్ధతి. బూడిదరంగులో గట్టి పూతతో వచ్చే అనోడైజ్డ్ గిన్నెలకు మాత్రం సోడా వద్దు, పులుపూ వద్దు. గిన్నెల సబ్బు, మెత్తటి స్పాంజి చాలు.

హాస్టల్ గదిలో స్టీలు గిన్నెలో టీ పెట్టి మరిచిపోయాను. పాలు, చక్కెర మాడి బొగ్గులా అంటుకున్నాయి. స్టీలు స్క్రబ్బర్‌తో రుద్దితే గీతలు పడ్డాయి తప్ప మాడు రాలేదు.
— ఒక విద్యార్థి, వరంగల్

ఆ మాడు పాలలోని మాంసకృత్తులు, చక్కెర కలిసి గట్టిపడినది. దాన్ని గీకడం కాదు, ఉబ్బేలా చేయాలి. మాడు మీద రెండంగుళాలు నిలిచేలా నీళ్లు పోసి, రెండు పెద్ద చెంచాల వంటసోడా వేసి, సన్నమంట మీద పది నిమిషాలు మరిగించండి. మంట ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. తొందరపడి వేడి మీదే చల్లనీళ్లు పోస్తే పల్చటి స్టీలు అడుగు ఉబ్బుతుంది, ఆ తర్వాత గిన్నె స్టవ్ మీద నిలవదు. చల్లారాక చెక్క గరిటెతో అంచు లేపితే మాడు రేకుల్లా ఊడుతుంది. మిగిలినదానికి ఇంకో విడత. మొండిదైతే రెండో విడతలో వంటసోడా బదులు ఒక చెంచా బట్టల సోడా వేయవచ్చు. దాని క్షారం చాలా ఎక్కువ, చేతి తొడుగులు వేసుకోండి, కంట్లో పడనివ్వకండి.

ఉప్పు చల్లి రాత్రంతా ఉంచమని కొందరు చెబుతారు. స్టీలుకు ఆ పని చేయొద్దు. తడి ఉప్పు ఒకేచోట నిలిస్తే స్టీలు మీద సూదిమొన గుంటలు పడతాయి, అవి ఇక పోవు. బ్లీచింగ్ ద్రవాలతోనూ అదే నష్టం.

ఇకముందు పాలు పోసే ముందు గిన్నెను నీళ్లతో తడిపి వంపేయండి. చక్కెర చివర్లో వేయండి. అడుగంటడం చాలా వరకు తగ్గుతుంది.

ఆసుపత్రికి టీ తీసుకెళ్లే స్టీలు ఫ్లాస్కు ఎంత కడిగినా పుల్లటి వాసన వస్తోంది.
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

వాసన ఫ్లాస్కులో కాదు, మూతలో చూడండి. మూత లోపలి రబ్బరు వలయాన్ని చెంచా వెనక భాగంతో లేపి తీస్తే, దాని కింద పాల జిడ్డు కనిపిస్తుంది. వలయాన్ని, మూతను వేడినీళ్లు, ఒక చెంచా సోడాలో అరగంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమండి. నొక్కితే పోసే రకం మూత అయితే సోడా నీళ్లను ఆ గొట్టం గుండా పోనివ్వండి. ఫ్లాస్కులో ఒక పెద్ద చెంచా సోడా వేసి నిండా వేడినీళ్లు పోసి రాత్రంతా వదలండి. మూత బిగించకండి. వేడికి సోడాలోంచి గ్యాసు పుడుతుంది. ఇక సోడా, వెనిగర్ రెండూ వేసి మూత పెట్టి గిలకరించడం చిన్న బాంబు చేయడమే. పొద్దున కడిగి, బోర్లించి, మూత విడిగా పెట్టి ఆరబెట్టండి. మూత పెట్టి అల్మారాలో దాచిన ఫ్లాస్కుకు వాసన రాక మానదు.

గాజు రీఫిల్ ఉన్న పాత ఫ్లాస్కైతే ముందు గోరువెచ్చని నీళ్లు, తర్వాతే వేడివి. అందులో కోడిగుడ్డు పెంకులు, గులకరాళ్లు వేసి గిలకరించవద్దు. లోపలి గాజు పగులుతుంది.

పాలు కలిపిన టీ అరవై డిగ్రీల వేడి దాటి ఉన్నంతసేపే క్షేమం. మూడు నాలుగు గంటలకు మించి ఉంచాలంటే డికాక్షన్ ఫ్లాస్కులో, పాలు వేరేగా పట్టుకెళ్లండి.

అమ్మమ్మగారి ఇత్తడి టీ కెటిల్ దొరికింది. బయట నల్లబడింది, లోపల వెండిలా తెల్లగా ఉంది, అక్కడక్కడ పసుపు కనిపిస్తోంది. చింతపండు, ఉప్పు వేసి లోపలా బయటా తోమనా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

బయట నిక్షేపంగా తోమండి. నిమ్మకాయంత చింతపండు నానబెట్టిన గుజ్జులో ఒక చెంచా రాళ్ల ఉప్పు కలిపి పూసి, ఐదు నిమిషాలాగి పీచుతో రుద్ది, వెంటనే బాగా కడిగి పొడిగుడ్డతో తుడవండి. తడి ఉంచితే గంటలో మళ్లీ మచ్చలు. అతుకుల దగ్గర, పిడి మొదట్లో పులుపు మిగిలిపోతే అక్కడ ఆకుపచ్చ చిలుము పడుతుంది కాబట్టి అక్కడ బ్రష్‌తో కడగండి.

లోపల మాత్రం ఆ ముద్ద తగలనివ్వకండి. ఆ తెల్లది కళాయి, అంటే తగరపు పూత. చాలా మెత్తన. పులుపు, ఉప్పు, పీచు మూడూ కలిస్తే చెరిగిపోతుంది. లోపల గోరువెచ్చని నీళ్లు, కుంకుడు రసం, మెత్తటి గుడ్డ అంతే. మీకు పసుపు కనిపిస్తోందంటే అక్కడ కళాయి అప్పటికే పోయింది, అందులో టీ కాచకండి. ముందు కళాయి వేయించండి. కళాయి వేసేవారు సీసం కలవని శుద్ధ తగరమే వాడుతున్నారా అని అడగండి, కొందరు చవకగా అవుతుందని సీసం కలుపుతారు. వేయించాక కూడా ఖాళీ కెటిల్‌ను మంట మీద ఉంచకూడదు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, ఒట్టి గిన్నె సెగకు ఆ వేడి నిమిషాల్లో వచ్చేస్తుంది.

సింగపూర్‌లో ఉంటున్నాం. స్నేహితులు చైనా మట్టి టీపాట్ ఒకటి, జపాన్ ఇనుప కెటిల్ ఒకటి కానుకగా ఇచ్చారు. మట్టిదాన్ని గిన్నెల సబ్బుతో కడిగాను, టీలో సబ్బు వాసన వస్తోంది. ఇనుప దానిలో తుప్పు చుక్కలు వచ్చాయి. పారేయాల్సిందేనా?
— ఒక పాఠకురాలు, సింగపూర్

పారేయకండి, రెండూ బాగుపడతాయి.

మట్టిది చైనాలోని జియాంగ్సు రాష్ట్రంలో యీషింగ్ ఊరి ఊదామట్టితో చేసినదై ఉంటుంది. దానికి మెరుపు పూత ఉండదు, మట్టి సన్నని రంధ్రాలతో ఉంటుంది. అందుకే సబ్బును పీల్చుకుంది. పెద్ద గిన్నె అడుగున మెత్తటి గుడ్డ పరిచి, టీపాట్‌ను, మూతను విడివిడిగా పెట్టి, చల్లటి నీళ్లు మునిగేదాకా పోసి, సన్నమంట మీద అరగంట కాగనివ్వండి. నీళ్లతోపాటే చల్లారనివ్వండి. వాసన మిగిలితే నీళ్లు మార్చి మరోసారి. ఆ తర్వాత జీవితంలో దానికి సబ్బు చూపించకండి. టీ అయిపోగానే ఆకు తీసేసి, కాగిన నీళ్లతో తొలిచి, మూత తీసి ఆరబెట్టడమే దాని కడుగుడు. లోపల గోధుమరంగు పేరుకుంటే పేరుకోనివ్వండి, దీనికి అదే అందం. ఒకే రకం టీకి ఒకే టీపాట్ అన్న అలవాటు కూడా అందుకే వచ్చింది. పాలు, చక్కెర, అల్లం, యాలకులు వేసిన మన టీ ఇందులో పోస్తే మాత్రం పాలు రంధ్రాల్లోకి ఇంకి పులుస్తాయి.

ఇనుప కెటిల్ లోపల నల్లగా నున్నగా గాజులా మెరుస్తుంటే అది ఎనామెల్ పూత. దాన్ని స్టవ్ మీద పెట్టకూడదు, టీ నానబెట్టుకోవడానికే. మీ దానిలో తుప్పు వచ్చిందంటే పూత లేని నీళ్ల కెటిల్ అయివుండాలి. తుప్పును గీకవద్దు. కెటిల్‌లో మూడొంతులు నీళ్లు పోసి, వాడేసిన గ్రీన్ టీ ఆకు గుప్పెడు గుడ్డలో మూట కట్టి వేసి, సన్నమంట మీద ఇరవై ముప్పై నిమిషాలు కాయండి. నీళ్లు నల్లగా సిరాలా మారతాయి, భయపడకండి. టీలోని వగరు ఇనుముతో కలిసి నల్లటి పొరగా తుప్పు మీద కూర్చుని, అది పెరగకుండా ఆపుతుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇదే పని. ప్రతిసారీ వాడాక నీళ్లు వంపేసి, గిన్నె వేడికే లోపలి తడి ఆరిపోనివ్వండి. లోపల తెల్ల పొర కడితే దానికి నిమ్మ ఉప్పు వేయకండి. ఇనుప కెటిల్‌కు ఆ పొర తుప్పు నుంచి రక్షణ.

టీ వడకట్టే జాలి మూసుకుపోతోంది. మంట మీద కాల్చమంటున్నారు.
— ఒక పాఠకుడు, ఖమ్మం

మొత్తం స్టీలుదైతే కాల్చవచ్చు గానీ, నాలుగైదుసార్లకు వల పెళుసుబారి తెగుతుంది. దాని బదులు గ్లాసు నీళ్లలో చెంచా సోడా వేసి ఐదు నిమిషాలు మరిగించి, జాలిని బోర్లించి వెనక వైపు నుంచి టూత్‌బ్రష్‌తో కొట్టండి. లోపలి వైపు నుంచి తోమితే టీ పొడి ఇంకా లోపలికి దిగుతుంది. ప్లాస్టిక్ అంచు ఉంటే మరిగించకుండా వేడి సోడా నీళ్లలో అరగంట నానబెట్టండి.

బంగారు గీత ఉన్న బోన్ చైనా టీ సెట్టుకు ఈ పద్ధతులు వాడొచ్చా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

లోపల సోడా నీళ్లు వాడొచ్చు, అంచుకు ఒక వేలెడు కిందే ఆపండి. బంగారు గీత పూత పైన వేసినది, రుద్దితే పోతుంది. పులుపులో నానబెట్టకండి, సోడా ముద్దతో గీత మీద తోమకండి, మైక్రోవేవ్‌లో పెట్టకండి.

కొత్త స్టీలు కెటిల్ అడుగున ఇంద్రధనుస్సు రంగులు వచ్చాయి. నాసిరకమా?
— ఒక పాఠకుడు, అనంతపురం

కాదు. ఎక్కువ వేడికి స్టీలు మీది కాపుపొర మందం మారితే వెలుతురులో అలా కనిపిస్తుంది. వెనిగర్ తడిపిన గుడ్డతో తుడిచి కడిగేయండి. తక్కువ నీళ్లతో పెద్దమంట పెడితే మళ్లీ వస్తుంది.